టూర్‌కి ట్యూబ్ యాంపా, మోడలరా? ముందు మానిటర్ సంగతి తేల్చుకోండి

ట్యూబ్ యాంప్ అంటే వాక్యూమ్ ట్యూబులతో గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె. మోడలర్ అంటే యాంప్, స్పీకర్, పెడల్స్ శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించే యంత్రం. ట్యూబ్ యాంపుల్లో ఫెండర్ '65 ట్విన్ రివర్బ్ రీఇష్యూ బరువు దాదాపు 29 కిలోలు. వాక్స్ ఏసీ30 కాంబో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) 32. మార్షల్ 4x12 క్యాబ్ (12 అంగుళాల స్పీకర్లు నాలుగున్న పెట్టె) ఒక్కటే 36 దాటుతుంది, దాని మీద పెట్టే హెడ్ (స్పీకర్ లేని యాంప్) బరువు వేరు. అదే పనికి మోడలర్లలో క్వాడ్ కార్టెక్స్ పట్టుకెళ్తే 2 కిలోలు, కెంపర్ స్టేజ్ అయితే నాలుగున్నర, హీలిక్స్ ఫ్లోర్ అయితే ఆరున్నర. దేశీయ విమానాల్లో ఉచిత లగేజీ మామూలుగా 15 కిలోలే. లెక్క ఇక్కడే తేలిపోయిందనిపిస్తుంది. అయినా 2006లో ఫ్రాక్టల్ ఆడియో మొదటి యాక్స్-ఎఫ్ఎక్స్ మోడలర్ వచ్చినప్పటి నుంచి ఇప్పటిదాకా ట్యూబ్ యాంప్ స్టేజీ దిగలేదు. పాతకాలపు మోజు ఒక్కటే అందుకు కారణం కాదు.

ఈ ప్రశ్నను చాలామంది టోన్ దగ్గర మొదలుపెడతారు. అదే పొరపాటు. ట్యూబ్ యాంప్‌కి మైకు పెట్టి పీఏలోంచి (హాలంతటికీ వినిపించే సౌండ్ సిస్టమ్‌లోంచి) వినిపించినా, మోడలర్‌లో శ్రద్ధగా చేసిన ప్యాచ్‌ను (దాచుకున్న సెట్టింగును) అదే పీఏలోంచి వినిపించినా ఐదో వరసలో కూర్చున్నవాళ్లకి తేడా పట్టుబడటం కష్టం. పట్టుబడేది వాయించేవాళ్లకి. వాళ్లకి కూడా తమ గిటారు తమకి దేంట్లోంచి వినిపిస్తోంది అన్నదాన్ని బట్టే ఆ తేడా ఉంటుంది. అందుకే యాంప్ కంటే ముందు తేల్చుకోవాల్సింది మానిటర్, అంటే వాయించేవాళ్లకి తమ శబ్దం వినిపించే ఏర్పాటు.

మీ గిటారు మీకు దేంట్లోంచి వినిపిస్తుంది?

మీరు ఇన్-ఇయర్స్ (చెవిలో పెట్టుకునే మానిటర్లు) పెట్టుకుని, మీ మిక్స్‌ను ఫోన్‌లో మీరే సర్దుకునే ఏర్పాటుంటే ట్యూబ్ యాంప్ వల్ల మీకు దక్కేది తక్కువ. వెనక ఎంత ఖరీదైన యాంప్ మోగుతున్నా చెవిలోకి వచ్చేది ఎస్ఎం57 మైకు పట్టుకున్న శబ్దమే. ఆ మైకు స్పీకర్ మధ్యనుండే డస్ట్ క్యాప్ అంచు నుంచి రెండు సెంటీమీటర్లు జరిగితే చాలు, నిన్న విన్న టోన్ ఈరోజు ఉండదు. మోడలర్‌లో మైకు ఎక్కడ పెట్టారో అక్కడే ఉంటుంది, కడపలోనైనా కాలిఫోర్నియాలోనైనా.

స్టేజీ మీద వెడ్జ్ (నేల మీద వాలుగా పెట్టే మానిటర్ స్పీకర్) ఉండి, దాన్ని నడిపేది మీకు ముక్కూమొహం తెలియని ఆపరేటర్ అయితే వ్యవహారం తిరగబడుతుంది. మోడలర్ నేరుగా పీఏకి వెళ్తోందంటే మీ గిటారు మీకు వినపడాలా వద్దా అన్నది పూర్తిగా ఆయన చేతుల్లో ఉన్నట్టే. మూడో పాటలో గాయకుడు "నా గొంతు పెంచు" అంటాడు, వెడ్జ్‌లో మీ గిటారు మునిగిపోతుంది, మిగతా షో అంతా చేతివేళ్లను చూసుకుంటూ వాయించాలి. వెనకాల ఒక క్యాబ్ ఉంటే ఈ గొడవే లేదు. మానిటర్ మిక్స్ పాడైనా గాలిలోంచి మీ శబ్దం మీకు అందుతుంది.

ఫీడ్‌బ్యాక్ సంగతీ ఇక్కడే చూసుకోవాలి. నోట్‌ను పట్టి ఉంచితే స్పీకర్ గాలి తీగను కదిలించి అది పాడుతూనే ఉండటం మీ వాయింపులో భాగమైతే స్టేజీ మీద ఏదో ఒక స్పీకర్ తప్పదు. ఇన్-ఇయర్స్‌తో అది రాదు. ఫీడ్‌బ్యాక్‌ను అనుకరించే పెడల్స్ ఉన్నాయి గానీ, అవి వేరే వస్తువులు.

మానిటర్ తేలాక మిగిలేవి నాలుగు: ఎవరు మోస్తారు, కరెంట్ ఎలా ఉంటుంది, ఒక షోలో ఎన్ని రకాల శబ్దాలు కావాలి, పాడైతే ఆ ఊళ్లో బాగుచేయగలరా. వీటిలో చాలామంది తేలిగ్గా తీసుకునేది కరెంట్.

కరెంట్: రెండింటినీ చంపేది ఇదే

మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లో 100. మోడలర్లలో ఎక్కువ శాతం 100 నుంచి 240 దాకా ఏదైనా తీసుకుంటాయి, పిన్ను మార్చుకుంటే చాలు. ట్యూబ్ యాంప్ అలా కాదు. దాని పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకే వోల్టేజీకి చుట్టి ఉంటుంది, లేదా వెనక సెలెక్టర్ ఉంటుంది.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిపెట్టిన యాంప్ మీ దగ్గరుంటే వెనక ప్లేట్ మీద ఏం రాసుందో చదివాకే ప్లగ్ పెట్టండి. 120 అని ఉన్నదాన్ని 230లో గుచ్చితే అదృష్టం బాగుంటే ఫ్యూజ్ పోతుంది, బాగోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి. ట్విన్ లాంటి 85 వాట్ల యాంప్‌కి కనీసం 500 వీఏ (వోల్ట్-యాంపియర్ల) సామర్థ్యం ఉండాలి, ఆన్ చేసిన క్షణంలో లాగే కరెంట్ మామూలు కంటే చాలా ఎక్కువ. పైగా ఈ పెట్టె వోల్టేజీని మారుస్తుంది గానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయదు. 60కి మాత్రమే తయారైన ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర ఎక్కువ వేడెక్కుతుంది.

ఆరుబయట షోలలో జనరేటర్ దగ్గర అసలు పరీక్ష ఎదురవుతుంది. లైట్లూ సౌండూ ఒకే జనరేటర్ మీదుంటే పాట హుక్‌లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగినప్పుడు వోల్టేజీ కుంగుతుంది. ట్యూబ్ యాంప్ కాసేపు నీరసపడి మళ్లీ లేస్తుంది. మోడలర్ మాత్రం ఒక హద్దు దాటితే రీబూట్ అవుతుంది. తిరిగి లేచేసరికి అర నిమిషం పైమాటే, ఆ అర నిమిషంలో సోలో అయిపోతుంది. మోడలర్ లాగే కరెంట్ చాలా తక్కువ కాబట్టి 600 వీఏ యూపీఎస్ ఒకటి బ్యాగులో పెట్టుకుంటే ఈ బెడద పోతుంది. ట్యూబ్ యాంప్‌కి చిన్న యూపీఎస్ పనికిరాదు, స్టెబిలైజర్ కావాలి.

ఏది వాడినా స్టేజీ మీద ప్లగ్ పెట్టే ముందు మల్టీమీటర్‌తో రెండు కొలతలు తీసుకోండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 207 నుంచి 253 లోపల ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. మొదటి కొలత 300 పైన చూపిస్తే త్రీఫేజ్ లైన్‌లో న్యూట్రల్ ఊడిందని అర్థం. అప్పుడు దేన్నీ గుచ్చొద్దు. హమ్ వస్తోందని ప్లగ్‌లో మూడో పిన్ను పీకేసే అలవాటు మన స్టేజీల మీద ఇంకా ఉంది. అలా పీకిన రోజున గిటారు తీగల మీద చెయ్యి, మైకు మీద పెదవి ఒకేసారి పడితే షాక్ కొడుతుంది, ప్రాణం కూడా పోవచ్చు.

దారి 1: పూర్తి ట్యూబ్ యాంప్, పెడల్‌బోర్డ్, మైకు

దీని బలం నేరుగా చేతికి తెలుస్తుంది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరుకుగా, గిటారు వాల్యూమ్ తగ్గిస్తే మళ్లీ శుభ్రంగా. మోడలర్లు ఈ విషయంలో చాలా దగ్గరికి వచ్చాయి, కానీ ఎదురుగా కదిలే గాలి మాత్రం ఇక్కడే దొరుకుతుంది. ఇంకో సుఖం, ఆరు నాబ్‌లు తప్ప మెనూలు లేవు. హాలు శబ్దం మారితే ట్రెబుల్ ఒక గీత తగ్గించుకుంటే సరి.

ఇబ్బంది వాల్యూమ్‌తో వస్తుంది. 100 వాట్ల యాంప్ బాగా పలికేది అది గట్టిగా మోగినప్పుడు. 300 సీట్ల ఆడిటోరియంలో ట్విన్‌ను 3 దాటించే అవకాశం రాదు. 12 అంగుళాల స్పీకర్ పైస్థాయి శబ్దాన్ని టార్చిలైటు వెలుగులా సూటిగా పంపుతుంది, దాని ఎదురు వరసలో కూర్చున్నవాళ్ల చెవులు చిల్లులు పడతాయి, పక్కనున్నవాళ్లకి సరిగ్గా వినపడదు. ఆ శబ్దం గాయకుడి మైకులోకి కూడా దూరుతుంది. యాంప్‌ను పక్కకి తిప్పడం, వెనక్కి వాల్చడం, ముందు అక్రిలిక్ తెర పెట్టడం లాంటివన్నీ సర్దుబాట్లే. చిన్న హాళ్లకి 15-22 వాట్ల యాంప్ తీసుకోవడం వీటన్నిటికంటే మెరుగు.

పాడయ్యే విషయానికొస్తే ట్యూబ్ యాంప్‌లో పోయేవాటిలో చాలావరకు కంటికి కనిపిస్తాయి, చెవికి వినిపిస్తాయి. మీటకుండానే కీచుమన్నా, పెన్సిల్‌తో ట్యూబ్‌ను తడితే స్పీకర్‌లో గణగణమన్నా అది మైక్రోఫోనిక్ అయిన (కదలికను శబ్దంగా మార్చేస్తున్న) ప్రీయాంప్ ట్యూబ్, సాధారణంగా ఇన్‌పుట్‌కి దగ్గరున్న మొదటిది. యాంప్ ఆపేసి, ప్లగ్ తీసి, ట్యూబ్‌ను గుడ్డతో పట్టుకుని లాగి, కొత్త 12ఏఎక్స్7 పెడితే ఐదు నిమిషాల పని. స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబ్‌లోని లోహపు ప్లేట్ ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపేయాలి. ఆ ట్యూబ్ అన్నా పోయింది, లేదా బయాస్ (ట్యూబ్‌లో నిలకడగా పారే కరెంట్‌ను నిర్ణయించే సెట్టింగ్) అన్నా తప్పింది.

పవర్ ట్యూబులు మార్చినప్పుడల్లా ఫిక్స్‌డ్ బయాస్ యాంపుల్లో బయాస్ సరిచూడాలి. లెక్క చిన్నదే. ఇఎల్34 ట్యూబ్ గరిష్ఠంగా 25 వాట్లు తట్టుకుంటుంది, అందులో 70 శాతం 17.5 వాట్లు. ప్లేట్ వోల్టేజీ 450 అయితే 17.5ని 450తో భాగిస్తే ఒక్కో ట్యూబ్‌కి 39 మిల్లీయాంపులు. 6ఎల్6జీసీ అయితే 30 వాట్లు కాబట్టి అదే వోల్టేజీకి 47 దగ్గర. ఇవి పై హద్దులు, టూర్ యాంప్‌కి ఇంకొంచెం కిందే ఉంచితే ట్యూబులు ఎక్కువ రోజులొస్తాయి. లోపల 400 వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్ తీసినా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. యాంప్ పెట్టె విప్పడం తెలియనివాళ్లు ఇది టెక్నీషియన్‌కే వదిలేయాలి. టూర్‌కి ముందే అదే బ్రాండ్, అదే రేటింగ్ ఉన్న మ్యాచ్డ్ సెట్లు (కొలతలు ఒకేలా ఉన్న ట్యూబులు) రెండు కొని, రెండిటికీ ఒకే బయాస్ సరిపోయేలా చూసుకుంటే దారిలో విప్పే పనుండదు. ఏసీ30లో ఉన్న ఇఎల్84లు క్యాథోడ్ బయాస్ (తనంతట తానే సర్దుకునే రకం) మీద నడుస్తాయి కాబట్టి అందులో ఈ సర్దుబాటే లేదు.

షో మధ్యలో నాలుగు ట్యూబుల 100 వాట్ల మార్షల్‌లో ఒక పవర్ ట్యూబ్ పోతే, స్పేర్ లేకపోయినా షో నడుపుకోవచ్చు. పోయింది చివర ఉన్నదైతే రెండు చివర్లవీ, లోపలిదైతే లోపలి రెండూ తీసేయండి. మిగిలిన జతతో 50 వాట్లు వస్తుంది. ఇంపీడెన్స్ స్విచ్‌ను క్యాబ్ విలువలో సగానికి తిప్పండి: 16 ఓమ్ల క్యాబ్ ఉంటే 8కి. ఇంత లోతుగా మోడలర్‌ను స్టేజీ మీద రిపేరు చేయడం ఎవరి తరమూ కాదు.

యాంప్ కొంప ముంచేది ఎక్కువసార్లు స్పీకర్ కేబుల్. హెడ్ నుంచి క్యాబ్‌కి గిటారు కేబుల్ వాడితే అందులోని సన్నటి తీగ వేడెక్కి తెగుతుంది. లోడ్ లేకుండా యాంప్ మోగితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. బయటికి రెండు కేబుళ్లూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి స్పీకర్ కేబుల్ రెండు చివర్లకీ రంగు టేపు చుట్టేయండి.

ట్యూబుల లభ్యత కూడా లెక్కలోకి తీసుకోవాలి. గిటారు యాంపులకి వాడే ట్యూబులు ఎక్కువగా స్లొవేకియా, రష్యా, చైనాల్లోని కొద్దిపాటి కర్మాగారాల నుంచే వస్తాయి. 2022లో రష్యా ఎగుమతుల మీద ఆంక్షలు రాగానే ధరలు పెరిగాయి, కొన్ని రకాలు దుకాణాల్లో దొరకలేదు. రాజమండ్రిలో సాయంత్రం ఐదింటికి ఇఎల్34 జత వెతుక్కోవడం కంటే హైదరాబాద్‌లోనే కొని పెట్టుకోవడం నయం.

దారి 2: మోడలర్ నేరుగా పీఏకి

2013 డిసెంబరులో మెటాలికా అంటార్కిటికాలో వాయించినప్పుడు ప్రేక్షకులు హెడ్‌ఫోన్లలో విన్నారు. ఆ బ్యాండు ఆ తర్వాత పెద్ద టూర్లకీ ఫ్రాక్టల్ మోడలర్లనే వాడింది. స్టేడియం స్థాయిలో ఇది పనికొస్తుందా అన్న సందేహానికి ఇప్పుడు చోటు లేదు. అయితే వాళ్ల వెనక ప్రతి షోకీ అదే ఇంజినీరు, అదే డెస్కు (మిక్సర్), అదే మానిటర్ వ్యవస్థ ఉంటాయి. మీ వెనక అవి ఉన్నాయా అన్నది ముందు చూసుకోవాలి.

సినిమా పాటల లైవ్ షోలో వాయించేవాళ్లకి మోడలర్‌కి సాటి లేదు. మూడు గంటలు, ముప్పై పైచిలుకు పాటలు, ఒకదానికి నైలాన్ తీగల మెత్తదనం, పక్కదానికి వావా ఫంక్, ఆ తర్వాత డ్రాప్ ట్యూనింగ్ డిస్టార్షన్. ఒక పాటకి ఒక ప్రీసెట్ కట్టి, అందులో సీన్లు (ఆ ప్రీసెట్‌లోనే వెంటనే మారే సెట్టింగులు) పెట్టుకోండి. హీలిక్స్, క్వాడ్ కార్టెక్స్, యాక్స్-ఎఫ్ఎక్స్ 3, మూడింటిలోనూ ప్రీసెట్‌కి ఎనిమిది సీన్ల చొప్పున దొరుకుతాయి. ఉదాహరణకి 120 బీపీఎం మాస్ బీట్ పాట: ఒకటో సీన్‌లో పల్లవికి కంప్రెసర్ వేసిన క్లీన్, రెండో సీన్‌లో వావా, మూడులో హుక్‌కి క్రంచ్, నాలుగులో సోలో, 375 మిల్లీసెకన్ల డాటెడ్ ఎయిత్ డిలే, చివర అవుట్‌పుట్ దగ్గర 3 డెసిబెల్స్ బూస్ట్. బూస్ట్‌ను గెయిన్ దగ్గర పెడితే శబ్దం పెరగదు, మురికి పెరుగుతుంది. ప్రీసెట్ నుంచి ప్రీసెట్‌కి మారేటప్పుడు చాలా యంత్రాల్లో క్షణంపాటు శబ్దం ఆగుతుంది కాబట్టి పాట మధ్యలో సీన్లే మార్చాలి. ట్రాక్ ల్యాప్‌టాప్ నుంచి నడుస్తుంటే అదే మిడీ (యంత్రాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపే పద్ధతి) ద్వారా సీన్లను మార్చేలా కట్టుకోవచ్చు, అప్పుడు కాలికి పనే ఉండదు.

ఇంట్లో అద్భుతంగా ఉన్న ప్యాచ్ గ్రౌండ్‌లో ఘోరంగా మోగడానికి కారణం చెవి స్వభావమే. తక్కువ శబ్దంలో బేసూ ట్రెబులూ మనకి తక్కువగా వినిపిస్తాయి, అందుకే ఇంట్లో వాటిని పెంచుతాం. స్టేజీ వాల్యూమ్‌కి చేరగానే అవే గుమ్ముమంటూ, చెవిలో గుచ్చుకుంటూ బయటపడతాయి. ప్యాచ్‌లు కనీసం 85-90 డెసిబెల్స్ దగ్గర, వీలైతే రిహార్సల్ హాలు పీఏలో, డ్రమ్స్ మోగుతుండగా చేయాలి. క్యాబ్ ఐఆర్ (క్యాబ్, మైకు శబ్దాన్ని అనుకరించే ఫైలు) తర్వాత 100 హెర్ట్జ్ దగ్గర లో కట్, 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య హై కట్ పెట్టండి. నిజమైన 12 అంగుళాల గిటారు స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక ఎలాగూ పడిపోతుంది, పీఏ పడిపోదు. ఐఆర్ లేకుండా పంపితే కందిరీగల గుంపు వచ్చినట్టే ఉంటుంది. రివర్బ్, డిలే ఇంట్లో నచ్చినదాంట్లో సగం చాలు. అవుట్‌పుట్ మోనోలోనే పంపండి. గ్రౌండ్ షోల పీఏ చాలాచోట్ల మోనో, స్టీరియో పింగ్‌పాంగ్ అక్కడ గజిబిజి అవుతుంది.

"డిజిటల్ అంటే ఆలస్యం" అన్న మాట పూర్తిగా తప్పు కాదు, కానీ లెక్క వేస్తే భయం తగ్గుతుంది. మోడలర్ 2-4 మిల్లీసెకన్లు, డిజిటల్ వైర్‌లెస్ 3 దాకా, డెస్కు ఒకటో రెండో. అన్నీ కలిపినా పదిలోపే. శబ్దం గాలిలో ఒక మీటరు వెళ్లడానికి 2.9 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే మూడు మీటర్ల దూరంలో ఉన్న ట్యూబ్ యాంప్ కూడా 9 మిల్లీసెకన్లు ఆలస్యమే.

లైన్ చెక్ దగ్గర పట్టుకోవాల్సినవి రెండున్నాయి. మోడలర్ ఎక్స్ఎల్ఆర్ అవుట్ లైన్ లెవెల్‌లో ఉండి డెస్కు మైక్ లెవెల్ ఆశిస్తే ఇన్‌పుట్ దగ్గర శబ్దం పగులుతుంది. ఇంజినీరు కిందికి లాగేస్తాడు గానీ ఆ పగులు అలాగే ఉంటుంది. సెట్టింగ్‌లో లెవెల్‌ను మైక్‌కి మార్చండి. రెండోది, ఆ చానల్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (మైకులకి డెస్కు పంపే కరెంట్) ఆన్ చేసి ఉంటే శబ్దం పాడవుతుంది, కొన్ని యంత్రాలకి హాని కూడా. పాసివ్ ట్రాన్స్‌ఫార్మర్ ఐసోలేటర్ ఒకటి మధ్యలో పెట్టుకుంటే ఫాంటమ్, గ్రౌండ్ లూప్ హమ్, రెండూ పోతాయి.

టూర్ మొదలయ్యే రెండు వారాల ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఆపేయాలి. కొత్త వెర్షన్ యాంప్ మోడల్ ప్రవర్తనను కొద్దిగా మార్చినా మీ లెవెల్స్ అన్నీ కదులుతాయి. ప్రీసెట్ల బ్యాకప్ ల్యాప్‌టాప్‌లో ఒకటి, యూఎస్‌బీలో ఒకటి. ఎండలో తెర కనబడదు, తడి వేళ్లకి టచ్ స్క్రీన్ మాట వినదు, కాబట్టి షోలో కావలసినదంతా కాలి స్విచ్చుల మీదే ఉండాలి. బయటి అడాప్టర్‌తో నడిచే యంత్రమైతే రెండో అడాప్టర్ తప్పనిసరి; ఎక్కువగా పోయేది యంత్రం కాదు, ఆ వైరు.

దారి 3: మధ్యేమార్గాలు

మోడలర్‌కి చిన్న పవర్ యాంప్, మామూలు గిటారు క్యాబ్ జోడించడం నాకు అన్నింటికంటే తెలివైన ఏర్పాటుగా కనిపిస్తుంది. ఎక్స్ఎల్ఆర్ అవుట్ ఐఆర్‌తో పీఏకి, పావు అంగుళం అవుట్ ఐఆర్ లేకుండా పవర్ యాంప్‌కి. ఈ రెండు దారులూ విడివిడిగా కట్టకపోతే క్యాబ్‌లో దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది, కొత్తవాళ్లలో సగం ఫిర్యాదులకి కారణం ఇదే. సాలిడ్‌స్టేట్ (ట్యూబులు లేని) పవర్ యాంప్ పెట్టె మీద రాసిన వాట్లు సాధారణంగా 4 ఓమ్‌ల దగ్గరవి. 8 ఓమ్‌ల క్యాబ్ పెడితే దాదాపు సగం, 16 పెడితే పావు. కాబట్టి 200 వాట్ల పెట్టె తీసుకోవడం అత్యాశ కాదు.

పవర్ యాంప్ కూడా మోయక్కర్లేని ఉపాయం ఒకటుంది. అద్దె యాంప్ ఏదిచ్చినా దాని ఎఫెక్ట్స్ రిటర్న్‌లోకి మోడలర్‌ను గుచ్చితే ప్రీయాంప్ తప్పుకుంటుంది, అది ఉత్త పవర్ యాంప్‌గా పనిచేస్తుంది. రోలాండ్ జేసీ-120కి, ఫెండర్ హాట్ రాడ్ డెవిల్‌కి ఈ సౌకర్యం ఉంది. ట్విన్ రివర్బ్ రీఇష్యూకి ఎఫెక్ట్స్ లూప్ లేదు, అక్కడ మాత్రం మోడలర్‌లోని యాంప్ బ్లాక్ ఆపేసి, పెడల్‌బోర్డ్‌లా ముందు ఇన్‌పుట్‌లోకి వెళ్లాలి. రెండు ఏర్పాట్లకీ వేరువేరు ప్రీసెట్లు ముందే కట్టుకోండి.

ట్యూబ్ యాంప్‌ను లోడ్ బాక్స్‌లోకి (స్పీకర్ బదులు యాంప్ శక్తిని పీల్చుకునే పెట్టెలోకి) పంపి, ఐఆర్‌తో పీఏకి ఇవ్వడం రెండో మధ్యేమార్గం. మీ యాంప్ మీదే, స్టేజీ మీద శబ్దం లేదు. టూ నోట్స్ క్యాప్టర్ ఎక్స్ 8 ఓమ్‌లకి ఒకటి, 16కి ఒకటిగా వేర్వేరుగా అమ్ముతారు. మీ యాంప్‌కి సరిపోయేదే కొనాలి. దాని హద్దు 100 వాట్లు. 100 వాట్ల యాంప్‌ను పూర్తిగా తెరిస్తే అంతకు మించే వస్తుంది, అందుకే 50 వాట్లు, అంతకంటే తక్కువ యాంపులకే ఇది సుఖం. క్యాబ్ వదిలేసినా బరువు మాత్రం మోడలర్ స్థాయికి తగ్గదు. దీని లాభం వ్యాన్‌లో తిరిగేవాళ్లకే.

| అంశం | ట్యూబ్ + మైకు | మోడలర్ + పీఏ | మోడలర్ + క్యాబ్ | ట్యూబ్ + లోడ్ బాక్స్ |
|---|---|---|---|---|
| బరువు | 25-60 కిలోలు | 2-7 కిలోలు | 15-25 కిలోలు | 20-30 కిలోలు |
| కావలసిన మానిటర్ | ఏదీ లేకున్నా సరే | ఇన్-ఇయర్స్ లేదా నమ్మకమైన వెడ్జ్ | ఏదీ లేకున్నా సరే | ఇన్-ఇయర్స్ |
| దేశం మారితే | వోల్టేజీ చూడాలి | పిన్ను చాలు | పవర్ యాంప్‌ను బట్టి | వోల్టేజీ చూడాలి |
| 30 రకాల శబ్దాలు | పెడల్స్ కొండ | సులువు | సులువు | పెడల్స్ కొండ |
| వోల్టేజీ కుంగితే | నీరసపడుతుంది | రీబూట్ | రీబూట్ | నీరసపడుతుంది |
| షోలో రిపేరు | కొంత సాధ్యం | రెండో యూనిట్ ఉంటేనే | సగం సాధ్యం | కొంత సాధ్యం |

ఎవరికి ఏది

సినిమా సంగీతం బృందంతో తిరిగే సెషన్ గిటారిస్ట్‌కి మోడలర్, ఇన్-ఇయర్స్. ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు. చర్చి వర్షిప్ బృందాలకీ ఇదే, అక్కడ స్టేజీ శబ్దం తక్కువగా ఉండటమే మొదటి షరతు.

ముగ్గురు నలుగురితో, సొంత పాటలతో క్లబ్బుల్లో వాయించే బ్లూస్ లేదా రాక్ బ్యాండైతే, వ్యాన్ ఉంటే, 20 వాట్ల చుట్టుపక్కల ట్యూబ్ కాంబో తీసుకోండి. కావాల్సినవి రెండు మూడు శబ్దాలే, హాలు చిన్నది, యాంప్ శబ్దమే సగం మిక్స్. ఇక్కడ మోడలర్ తెచ్చే సౌకర్యాల్లో చాలావరకు వాడుకోకుండానే పోతాయి.

అమెరికాలో తెలుగు సంఘాల సభలకి వెళ్లేవాళ్లది వేరే లెక్క. వారాంతాల్లో షోలు, ఊరూరా విమానం, బ్యాక్‌లైన్ (స్టేజీ మీది యాంపులు, డ్రమ్స్ లాంటివి) అద్దెది. రైడర్‌లో (నిర్వాహకులకి పంపే అవసరాల జాబితాలో) "మంచి గిటార్ యాంప్" అని రాస్తే ఏదొస్తుందో చెప్పలేం. "ఫెండర్ ట్విన్ రివర్బ్ లేదా హాట్ రాడ్ డెవిల్, పనిచేసే ఫుట్‌స్విచ్‌తో, అదనంగా ఇంకొకటి స్పేర్" అని రాయండి. మోడలర్ మాత్రం మీ క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి, చెకిన్‌లో కాదు. యాంప్ బాగుంటే ముందు ఇన్‌పుట్, బాగోకపోతే రిటర్న్, అదీ కుదరకపోతే నేరుగా పీఏ. మూడు దారులకీ మూడు ప్రీసెట్ల బ్యాంకులు ఉంటే సౌండ్ చెక్ పావుగంటకి కుదించినా కంగారుండదు. పరికరాలను సరుకుగా విడిగా పంపే పెద్ద బృందమైతే ఏటీఏ కార్నెట్ (సుంకం లేకుండా వస్తువులను తాత్కాలికంగా విదేశానికి తీసుకెళ్లే పత్రం) తీసుకోవాలి, మన దేశంలో దాన్ని ఇచ్చేది ఫిక్కీ. జాబితాలో రాసిన సీరియల్ నంబరుకీ పెట్టెలో ఉన్నదానికీ తేడా ఉంటే కస్టమ్స్ దగ్గర సమాధానం చెప్పుకోవాలి. అందుకే చివరి నిమిషంలో యాంప్ మార్చొద్దు.

కాలేజీ ఫెస్టులు, వినాయక చవితి పందిళ్లు తిరిగేవాళ్లకి నా ఓటు మోడలర్, యూపీఎస్, వెనక ఒక చిన్న పవర్డ్ స్పీకర్ (పవర్ యాంప్ లోపలే ఉన్నది). అక్కడి వెడ్జ్‌ను నమ్మడం కంటే సొంత స్పీకర్ మోసుకెళ్లడం తేలిక. పవర్డ్ స్పీకర్‌కి ఐఆర్ ఆన్‌లోనే ఉండాలన్నది మర్చిపోవద్దు, గిటారు క్యాబ్‌కి చెప్పినదానికి ఇది సరిగ్గా ఉల్టా.

సంచిలో ఏముండాలి

ట్యూబ్ యాంప్‌తో వెళ్తే: 12ఏఎక్స్7లు రెండు, మ్యాచ్డ్ పవర్ ట్యూబుల సెట్ ఒకటి, వెనక ప్లేట్ మీద రాసిన విలువకే మెయిన్స్, హెచ్‌టీ (లోపలి హై వోల్టేజీ) ఫ్యూజులు ఐదేసి, స్పీకర్ కేబుళ్లు రెండు, టార్చి. ఫ్యూజ్ వరసగా రెండుసార్లు పోతే మూడోది పెట్టకండి, పవర్ ట్యూబులన్నీ తీసి చూడండి. అప్పుడు నిలబడితే తప్పు ట్యూబుల్లో ఉంది, అప్పుడూ పోతే ట్రాన్స్‌ఫార్మర్ వైపు.

మోడలర్‌తో వెళ్తే: రెండో అడాప్టర్, యూపీఎస్, ఐసోలేటర్, ఎక్స్ఎల్ఆర్ కేబుళ్లు రెండు, యూఎస్‌బీలో బ్యాకప్. వీటితోపాటు హెచ్ఎక్స్ స్టాంప్ లేదా స్ట్రైమన్ ఇరిడియం లాంటి చిన్న మోడలర్ పెట్టె ఒకటి, అందులో ఒక క్లీన్, ఒక క్రంచ్, ఒక లీడ్‌కి సరిపడా ఏర్పాటు. దాన్ని సంచి అడుగున పడేయకుండా, పవర్ పెట్టి, లైన్ చెక్‌లో దాని శబ్దం కూడా ఒకసారి డెస్కుకి వినిపించి పక్కన ఉంచండి. పెద్ద యంత్రం ఆగిపోయిన పాటలో గిటారు కేబుల్ ఒకటీ ఎక్స్ఎల్ఆర్ ఒకటీ తీసి అందులో గుచ్చడానికి ఇరవై సెకన్లు చాలు, చానల్ లెవెల్ ముందే సరిచూసి ఉంటే.